పురిటి చేతులు

రాజమణి పీటను చంకలో ఇరికించుకుని, నువ్వుల నూనె సీసాను కొంగున ముడేసుకుని కార్వాన్ గల్లీలోకి వచ్చింది. పసిపిల్లలకు లాల పోయడం ఆమె పని. చాచిన కాళ్ల మీద బిడ్డను పడుకోబెట్టి, మెడ కింద ఎడమచేయి ఆనించి, గోరువెచ్చటి నీళ్లు పోసి, సాంబ్రాణి పొగ పట్టి తల్లికి అందించేది. ఈమధ్య ఎవరూ పిలవడం లేదు. అయినా పనిలేనిదని గల్లీ అనుకోకూడదని రోజూ పొద్దున్నే పీటతో ఒక చుట్టు చుట్టి వస్తుంది.

పిల్లలు పుట్టడం లేదంటే ఆమె నమ్మదు. ఎవతో వచ్చి తన ఇళ్లు గుంజుకుంటోందని గట్టి అనుమానం. ఆ అనుమానం ఇప్పుడు సుగుణమ్మ ఇంటి మీద పడింది. వాళ్లకు అఫ్జల్‌గంజ్‌లో పప్పుల హోల్‌సేల్ దుకాణం. సుగుణమ్మ కొడుకు వివేక్‌కు మొదటి లాల పోసింది రాజమణే. వివేక్ పెళ్లాం హరిచందన గడప దాటదు. ఇంట్లోనే కంప్యూటర్ ముందు కూర్చుని ఏదో దేశపు కంపెనీకి పని చేస్తుంది. కాస్త ఒళ్లు చేసింది. సుగుణమ్మ కూడా చాలా రోజులుగా బయట కనిపించడం లేదు. బాలింత దగ్గర కూర్చుందన్నమాట. మొన్న మందుల షాపు నుంచి డైపర్ల పెట్టె వచ్చింది. నిన్న దండెం మీద మెత్తటి తెల్లగుడ్డలు ఆరాయి. ఇవాళ కిటికీలోంచి సాంబ్రాణి వాసన!

"దిష్టి తగుల్తదని దాచిన్రా, నన్నే వద్దనుకున్నరా?" అని గొణిగింది. కడుపు మండిపోయింది. తలుపు తోసుకుని నేరుగా వెనక వాకిట్లోకి నడిచింది.

అక్కడ ప్లాస్టిక్ కుర్చీలో సుగుణమ్మ ఉంది. పక్షవాతంతో ఒక పక్క చచ్చుబడిన ఆమె వీపు మీద సంతోష్‌నగర్ చంద్రమ్మ నీళ్లు పోస్తోంది. చంద్రమ్మదీ ఒకప్పుడు లాల పోసే పనే. రాజమణికి సిగ్గేసింది, అయినా కళ్లు మాత్రం ఇల్లంతా ఉయ్యాల కోసం వెతికాయి.

"పిల్లలేరి అక్కా? నేనైతే ఇప్పుడు ముసలోళ్లకే పోస్తున్న. నువ్వు సుత రా, మస్తు ఇండ్లున్నయి," అంది చంద్రమ్మ.

"నేను రాను. వాళ్లు మన చేతులల్లనే పోతె? చావు నీళ్లు ముట్టిన చెయ్యి పురిటి నీళ్లు ముట్టొద్దని మా అమ్మ చెప్పింది."

చంద్రమ్మ సుగుణమ్మను మంచం మీద పడుకోబెట్టి ఇంకో ఇంటికి వెళ్లిపోయింది. హరిచందన రాజమణికి చాయ్ తెచ్చింది.

"నిజం చెప్పు బిడ్డా. నెల తప్పినవా?"

"లేదవ్వా. పిల్లలు వద్దనుకున్నం మేమిద్దరం."

"అందరు గట్లనే అంటరు. ఎనక నాకు చెప్పకుంట ఇంకొకల్లను పిలుస్తరు."

"పిలిస్తే నిన్నే పిలుస్త," అంది హరిచందన నవ్వకుండానే. ఆ ఒక్క మాటనే రాజమణి పట్టుకుంది.

చాయ్ తాగడం అయ్యేసరికి హరిచందన అత్తకు గంజి తీసుకెళ్లింది. పిలిచింది. మళ్లీ పిలిచింది. సుగుణమ్మ లేవలేదు.

మధ్యాహ్నానికి చుట్టాలు, ఇరుగుపొరుగు వచ్చారు. చివరి స్నానానికి సుగుణమ్మను వాకిట్లో కూర్చోబెట్టారు. రాజమణి చేతులు కొంగులో దాచుకుని గోడవారగా నిలబడింది. హరిచందన, పక్కింటి సక్కుబాయి చెరో భుజం పట్టుకున్నారు. నీళ్లు పడగానే సుగుణమ్మ తల వెనక్కి వాలిపోయింది.

"మెడ! మెడ కింద చెయ్యి పెట్టుండ్రి!" అని గోడవార నుంచే అరిచింది రాజమణి.

ఎవరికీ చేతకాలేదు. తల అటూ ఇటూ ఊగుతోంది. రాజమణి చూడలేకపోయింది. పీట లాక్కుని కూర్చుని, ఎడమచేయి ఆ మెడ కింద ఆనించింది. చెవుల్లోకి పోకుండా కుడిచేత్తో మెల్లగా నీళ్లు పోసింది.

సక్కుబాయి బిత్తరపోయింది. "ఇగ నిన్ను పురిటింటికి ఎవరు పిలుస్తరు రాజమణీ?"

రాజమణి ఇంకో చెంబు నీళ్లు పోసింది. హరిచందన ఏడుస్తూ ఒక చేత్తో రాజమణి భుజం పట్టుకుంది.

పాడె కదిలాక రాజమణి చేతులు కడుక్కుని ఖాళీ చంకతో గల్లీలోకి నడిచింది. వెనక్కి తిరిగి చూడలేదు. వాకిట్లో పీట అక్కడే ఉండిపోయింది. ఆమె కూర్చుని కూర్చుని అరిగిన నడుమ కాసిన్ని నీళ్లు నిలిచి ఉన్నాయి.