ఆగిపోయిన చదువుకు కట్టిన ఫీజు

"పన్ను వాపసు ఇంకా పడలేదేంటే? టైర్లు అరిగిపోయాయి," అన్నాడు డ్వేన్, కంచం పక్కకి తోస్తూ.

"పడదు. కాలేజీకి నేను బాకీ ఉన్నానట. కాన్సస్ రాష్ట్ర ప్రభుత్వం ఆ డబ్బు పట్టుకుని వాళ్ళకిచ్చేసింది," అంది నడీన్, మూకుడు తోముతూనే.

"నువ్వు కాలేజీకి ఎప్పుడెళ్ళావే?"

వెటకారం కాదు. నిజంగానే మరిచిపోయాడు. ఆ వాపసులో సగానికి పైగా, బడి వంటగదిలో ఆమె సంపాదించిన జీతంలోంచి కోసిన పన్నే. అది పోయినందుకు కలగని బాధ ఆ ప్రశ్నకి కలిగింది. నర్సు కావాలని చేరింది. రెండు టర్ములు పాసై మూడోదానికి పేరు రాయించుకున్న వారమే అత్తగారు ఓపల్‌కి పక్షవాతం వచ్చింది. "ఒక్క ఏడాది ఆగవే. మా అమ్మని పరాయివాళ్ళ చేతుల్లో పెట్టమంటావా? కాలేజీకి నేను ఫోన్ చేసి చెప్తాలే," అన్నాడు డ్వేన్. "నాకు నర్సు వద్దు, కోడలు కావాలి," అంది ఓపల్, వంకరపోయిన నోటితోనే. ఒళ్ళు తుడిచి, పక్క తిప్పి, చెంచాతో తినిపిస్తూ ఉండగానే పదకొండేళ్ళు గడిచాయి, ఆ తర్వాతే ఓపల్ పోయింది. అది పనని ఎవరూ అనలేదు. అతను ఫోన్ చేయలేదు. పేరు కొట్టేయించకపోవడంతో, వెళ్ళని తరగతుల ఫీజు బాకీగా ఉండిపోయింది. మరి తనెందుకు చేయలేదు? ఇక రానని తన నోటితో తను చెప్పలేకపోయింది, అంతే.

మర్నాడు బడి వంటగదిలో తీరిక దొరకగానే కాలేజీకి ఫోన్ చేసింది.

"బాకీ తీరిపోయింది మేడమ్. ఆపి ఉంచిన మార్కుల పత్రం పంపించేస్తాం," అంది అవతలి అమ్మాయి.

"మరి ఆ రెండు టర్ములూ లెక్కకొస్తాయా?"

"నర్సింగ్‌కి పనికిరావు మేడమ్. చాలా ఏళ్ళయింది కదా. మళ్ళీ మొదటినుంచీ చదవాలి."

నడీన్ కళ్ళు తుడుచుకుంది. చదువు ఆగిపోయాక కూడా, రాత్రి ఓపల్ నిద్రపోయాక కూడబలుక్కుని చదివిన ఎముకల పేర్లు ఇంకా నోటికొస్తాయి. ఎవరికీ అక్కర్లేదు.

"మొదటినుంచీ అంటే... ఎప్పుడు చేర్చుకుంటారు?"

"ఆగస్టులో."

ఆ సాయంత్రం డ్వేన్ బూట్లు విప్పుకుంటుంటే చెప్పింది, "ఆగస్టు నుంచి మంగళ, గురువారాలు రాత్రి వంట నువ్వే చేసుకోవాలి. నాకు తరగతులున్నాయి."

"ఈ వయసులోనా? ఎన్నేళ్ళు పడుతుందే అది?"

"మీ అమ్మకి పట్టినన్నేళ్ళు పట్టదులే."