డ్రైవరు పేరు రాసే గడి

బిక్షం తన టాక్సీ ఇన్సూరెన్సు కాగితాలు నా బల్ల మీద పడేసి, కూర్చోకుండానే కొట్లాట మొదలుపెట్టాడు.

"ఏందమ్మా గిది? నాది డొక్కు బండి. బేగంపేట భద్రయ్య సారు బండి జూడు, పడవ లెక్క ఉంటది. ఆయనకంటె నాకు ఎక్కువేసిండ్రేంది?"

"ఆయన బండిల ఆయన ఇంటోళ్లే ఎక్కుతరు. నీ బండిల ఊరంత ఎక్కుతది. స్టేషన్ కాడ నువ్వు నెలల తిరిగినంత ఆయన బండి ఏడాదిల సుత తిరగదు. బండి ధర ఒక్కటే జూడరన్నా. ఎంత తిరుగుతది, ఎవరు నడుపుతరు, రాత్రి ఏడ పెడతరు, అన్నీ జూస్తరు."

"మరి ఎదురుంగున్న కంపెనోడు తక్కువకే ఇస్తనంటుండు?"

"వాళ్లు మొన్ననే షురూ చేసిండ్రు. గిరాకీ కావాలె. మా కంపెనీ పోయినేడు టాక్సీల నష్టానికి మస్తు కట్టింది, అందుకే టాక్సీ అంటెనే జంకుతది. పోతనంటె పో, నేను ఆపుతనా?"

బిక్షం గొణుక్కుంటూనే సంతకం పెట్టాడు. నా మనసు మాత్రం అతని మీద లేదు. భద్రయ్య గారి పేరు చెవిన పడితే నాకు ఇక ఏ పనీ తలకెక్కదు. ఆయన బండి నడిపే యేసురాజు నన్ను పెళ్లి చేసుకోవలసినవాడు.

నేను సికింద్రాబాదులో సదాశివ గారి ఇన్సూరెన్సు ఆఫీసులో నాలుగేళ్లుగా గుమాస్తాని. ఆయన ఏజెంటు, నేను ఫారాలు నింపుతాను. పాత ఖాతాదార్లకు ప్రతి ఏడూ ఫారం మేమే నింపి ఉంచుతాం. వాళ్లు చదివి, తప్పుంటే కొట్టేసి దిద్ది, సంతకం పెడతారు. భద్రయ్య గారి ఫారం కోసం యేసురాజే వచ్చేవాడు. మొదటిసారి వచ్చినప్పుడు, బండి నడిపేది ఎవరు అన్న గడి చూపించమని అడిగి, దానిలో తన పేరును చాలాసేపు చూశాడు.

"నా పేరు గింత మంచిగుంటదని నాకెరుకనే లేదు," అన్నాడు.

నవ్వు ఆపుకోలేకపోయాను. అప్పటి నుంచి ఏదో ఒక కాగితం వంక పెట్టుకుని నెలకోసారయినా వచ్చేవాడు. ఇన్సూరెన్సుకు అన్ని కాగితాలు ఉండవని అతనికీ తెలుసు, నాకూ తెలుసు.

ఈ ఏడు, 1948 మే నెలలో, మెట్టుగూడలో మా చర్చిలో మా పెళ్లి ప్రకటన రెండు ఆదివారాలు చదివారు. మూడో ఆదివారం కూడా చదివి, ఎవరూ అభ్యంతరం చెప్పకపోతే పెళ్లికి అడ్డు ఉండదు. సరిగ్గా ఆ వారమే భద్రయ్య గారికి రజాకార్ల భయం పట్టుకుంది. ఇంటిల్లిపాదినీ కారులో ఎక్కించుకుని బెజవాడ బయలుదేరారు.

"పది దినాలే. వాళ్లను దించి వస్త. పాస్టరయ్యకు జెర ఆగమని చెప్పు," అన్నాడు యేసురాజు.

పది రోజులు గడిచాయి. సరిహద్దు దగ్గర రాకపోకలు కష్టమయ్యాయి. జూన్ చివర్లో అటు నుంచి వచ్చినవాళ్లెవరో చీటీ ఒకటి ఇచ్చారు. 'సారు విడుస్తలేడు. పరేషాన్ కాకు' అని ఉంది. అతనికి అక్షరాలు కూడబలుక్కోవడం తప్ప ఉత్తరాలు రాయడం రాదు, ఆ రెండు మాటలకే ఎంత తంటాలు పడ్డాడో. సెప్టెంబరులో యూనియన్ సైన్యం వచ్చింది. అయిదు రోజుల్లో అంతా ముగిసింది. వెళ్లినవాళ్లు ఒక్కొక్కరే తిరిగి రాసాగారు. ఈ మహానుభావుడు మాత్రం రాలేదు. బెజవాడలో భద్రయ్య గారి చిరునామాకు అతని పేర రెండు కార్డులు రాశాను, జవాబు లేదు.

బెజవాడ రైలు వచ్చే వేళకు ఆఫీసు నుంచి బయటపడి, స్టేషన్లో కాసేపు నిలబడి, చిలకలగూడ మీదుగా ఇంటికి నడిచేదాన్ని. దారంతా తిట్టుకునేదాన్ని. అక్కడ కృష్ణ ఒడ్డున హాయిగా ఉండి ఉంటాడు, ఎవరో దొరికి ఉంటుంది, వాళ్ల ఇంట్లో కూర్చుని గారెలు తింటూ ఉంటాడు. తిట్టడం అయిపోయాక అతని గొంతు వినాలని ఎంతగా అనిపించేదంటే, ఆ తిట్లన్నీ వెనక్కి తీసుకునేదాన్ని. మర్నాడు మళ్లీ మొదలు.

"భద్రయ్య గారికే రాసి అడుగరాదే," అంది మా అమ్మ రోసమ్మ.

నన్ను వద్దనుకున్నవాడి సంగతి వాడి యజమానిని అడిగి చెప్పించుకోవాలా? నాకు పొగరు ఎక్కువే, కాదనను. అయినా అడగకుండానే తెలిసే దారి ఒకటి ఉంది. నవంబరులో ఫారం పంపాలి. ఆ గడిలో అతని పేరు ఉంటుంది, లేదా కొట్టేసి ఉంటుంది. నేను నవంబరు కోసం కూర్చున్నాను.

ఫారం పంపకముందే భద్రయ్య గారి ఉత్తరం వచ్చింది. బెజవాడలో వేరే కంపెనీ పదిహేను రూపాయలు తక్కువకు ఇస్తోంది కాబట్టి ఈసారి మాకు శ్రమ అక్కర్లేదట. కోటీశ్వరుడికి పదిహేను రూపాయలు! ఫారం పోకపోతే ఆ గడి నా దగ్గరికి తిరిగి రాదు. ఉత్తరం పట్టుకుని సదాశివ గారి దగ్గరికి పోయాను.

"మనం తగ్గించలేమా సార్?"

"ఎట్ల తగ్గిస్తమమ్మా? బండి పరాయి ఊర్ల ఉన్నది. ఏడ పెడుతున్నరో, ఎవరు నడుపుతున్నరో మనకు తెల్వదు. తెల్వనప్పుడు రేటు ఎక్కువనే ఏస్తరు. బేగంపేట షెడ్డుల పెట్టి, ఆ యేసురాజు ఒక్కడే నడుపుతుండంటే తగ్గించొచ్చు. తొమ్మిదేండ్లల బండికి ఒక్క గీత పడనియ్యలే."

"వాళ్లు వాపసొస్తున్నరట సార్. బండి బేగంపేటకే వస్తదట."

ఆయన కళ్లద్దాల మీదుగా నన్ను చూశారు. "ఎవరు జెప్పిండ్రు?"

"అనుకుంటుండ్రు."

అనుకుంటున్నది నేనొక్కదాన్నే అని ఆయనకు తెలిసే ఉంటుంది. "రాసి పంపు. తప్పుంటే ఆయనే దిద్దుతడు," అన్నారు.

బండి ఉండే చోటు బేగంపేట అని రాశాను. నడిపేది యేసురాజు, ప్రమాదాలు లేవు. ఏడాది తర్వాత ఆ గడిలో మళ్లీ ఆ పేరు రాస్తుంటే ఏడుపొచ్చింది. రేటు బెజవాడ కంపెనీ కంటే రెండు రూపాయలు తగ్గింది.

పన్నెండో రోజు ఫారం తిరిగి వచ్చింది. గడిలో అతని పేరు అడ్డంగా కొట్టేసి ఉంది. అనుకున్నదే అయింది, ఇక ఎదురుచూసే పని తప్పింది అనుకుంటూ జత చేసిన ఉత్తరం విప్పాను.

'రేటు నచ్చింది. అయితే రెండు దిద్దుబాట్లు. మేము ఇక బెజవాడలోనే ఉంటాం. బండి నేనే నడుపుకుంటున్నాను. రేటు మారితే తెలియజేయండి. యేసురాజు జూలై పదవ తేదీనే మానేశాడు. దారి బాగోలేదని ఎంత చెప్పినా ఆగలేదు. సికింద్రాబాదులో పెళ్లి ఉందన్నాడు. మధిర దాకా లారీలో పోయి, అక్కడి నుంచి నడిచయినా వెళ్తానన్నాడు. తర్వాత అతని పేర వచ్చిన కార్డులు చదవకుండా మా దగ్గరే ఉంచాం. ఈపాటికి పెళ్లి అయ్యే ఉంటుంది. దంపతులకు మా దీవెనలు చెప్పండి.'

మూడుసార్లు చదివాను. జూలై పది. అతను గారెలు తింటున్నాడని నేను తిట్టుకున్న రోజుల్లో అతను బెజవాడలో లేనే లేడు. నా దగ్గరికి బయలుదేరి నాలుగు నెలలు దాటింది.

సదాశివ గారు ఉత్తరం చదివి, మడిచి నా చేతిలో పెట్టారు. తర్వాత, "సెలవు ఎన్ని దినాలు కావాలమ్మా?" అన్నారు.

"ఎరుక లేదు సార్."

"ఒక్కదానివే పోతవా? ఆ దారిల ఇంకా గడబడ ఉన్నదంటున్నరు."

"ఆయన సుత ఒక్కడే బయలెల్లిండు కద సార్."

మర్నాడు పొద్దున్నే అమ్మ స్టేషన్ దాకా వచ్చింది. ఎక్కడికి అని టికెట్ల గుమాస్తా రెండుసార్లు అడిగాడు. అతను నడిచి ఎంత దూరం వచ్చాడో తెలియదు కాబట్టి, ఏ ఊళ్లో దిగి అడగాలో తోచక, అతను నడక మొదలుపెడతానన్న మధిర దాకా తీసుకున్నాను.