కర్త తెలియని పోల్కా

ముప్పై ఒక్క ఏళ్ళుగా వెండెల్ రస్క్ బృందం ఒకే ఒక పోల్కా నాట్యబాణీతో కచేరీ ముగిస్తోంది. అమెరికాలోని టూసాన్ ఎడారిలో పుట్టిన వాళ్ళ గిటార్ల మోతకు దేశదేశాల అభిమానులున్నా, జనం లేచి చిందేసేది మాత్రం ఆ ఒక్కదానికే. రికార్డు అట్ట మీద ‘పాత బాణీ, కర్త తెలియదు’ అని ఉంటుంది. తెలియకేం, వెండెల్‌కు నిక్షేపంలా తెలుసు. దగ్గర్లోని ఆదివాసుల ఊరు సెల్స్‌లో, ఆంబ్రోస్ ఆంటోన్ అనే వాద్యకారుడి వంటింట్లో, ఆయన పెట్టిన చిక్కుడుగింజలు, వేపుడు రొట్టె తింటూ, ఆయన ఒళ్ళో తిత్తి సాగదీస్తూ అకార్డియన్ వాయించి చూపిస్తే నేర్చుకున్నాడు. పేరు వేస్తే పాట తనది కాకుండా పోతుందని అప్పట్లో ఓ దిక్కుమాలిన భయం.

ఈ ఏడు సెల్స్ చర్చి పండుగకు పిలిచారు. మధ్యాహ్నం పందిట్లో గిటార్ తీగలు సరిచేసుకుంటుంటే, ఆంబ్రోస్ కూతురు లొరిండా ఎర్రమిరపకాయల మాంసం గిన్నె తెచ్చిపెట్టింది. ఆ పోల్కాకి మీ నాన్నగారు కూడా మాతో వాయిస్తారా అని అడిగాడు వెండెల్, తనేదో వరమిస్తున్నట్టు.

“నాన్న అది మానేశాడండీ. పోయినేడు ఇక్కడే వాయిస్తుంటే ఎవడో ‘ఏం తాతా, బ్యాండువాళ్ళ పాట కొట్టేశావే’ అన్నాడు. అందరూ నవ్వారు. నేను పుట్టినప్పుడు కట్టిన పాట అది,” అంది లొరిండా, మామూలుగానే.

వెండెల్ గిన్నె పక్కన పెట్టేశాడు. తల కొట్టేసినట్టయింది.

కచేరీ చివర మైకు ముందుకొచ్చాడు. ముందువరసలో ఆంబ్రోస్, టోపీ ఒళ్ళో పెట్టుకుని. ఈ పోల్కా ఆంబ్రోస్ గారిదని చెప్పాడు వెండెల్. ఎంత పెద్ద మనసో అని జనం ఒకటే చప్పట్లు. ఛీ, ఒక్కొక్కటీ చెంప మీద పడ్డట్టే ఉంది. చెయ్యెత్తి ఆపాడు.

“ఆగండి. ఈయన దగ్గర నేర్చుకుని, ఈయన పేరు దాచేశాను. కొట్టేసింది నేను.”

లొరిండా వెళ్ళి అకార్డియన్ తెచ్చి తండ్రి ఒళ్ళో పెట్టింది. ముసలాయన వేళ్ళు బిగుసుకుపోయాయి, అయినా మొదలెట్టాడు. వెండెల్ వెనకే గిటార్ కలిపాడు. రెండో చరణం దగ్గర ఆంబ్రోస్ ఆపేశాడు.

“ఈ మలుపు నువ్వు ఆనాడే తప్పు నేర్చుకున్నావబ్బాయ్. చెబితే చిన్నబుచ్చుకుంటావని ఊరుకున్నా. ఇలా చూడు.”

వెండెల్ కుర్చీ దగ్గరగా వచ్చి కింద కూర్చుని, ఆయన వేళ్ళకేసి చూశాడు.