తెల్ల చుక్క

నల్ల రబ్బరును కోస్తే లోపల తెల్లటి చుక్క.
బియ్యపుగింజంత. వేలితో నొక్కితే పొడి.

ఎనిమిదేళ్ళుగా ఆ చుక్క నా కళ్ళలోనే ఉంది... దానితోపాటు ఒక అనుమానం.
ఆ రోజు నా నడకను సింహాద్రి అప్పన్న స్వీకరించాడా?

తొంభై ఆరు. ఆషాఢ పున్నమి. సింహాచలం కొండ చుట్టూ గిరి ప్రదక్షిణ.
దువ్వాడ దగ్గర మా రబ్బరు షెడ్డులో రోలర్లు తిరుగుతున్నాయి. నా కళ్ళు గడియారం మీద. రబ్బరు మీద సిలికా పొడిని కొంచెం కొంచెంగా చల్లాలి.
నేను డబ్బా మొత్తం ఒక్కసారే కుమ్మరించాను.
కుమ్మరించి, చెప్పులు అక్కడే విప్పేసి, వెళ్ళిపోయాను.

ముప్పై రెండు కిలోమీటర్లు నడిచాను. అడుగడుక్కీ — అప్పన్నా, అప్పన్నా.

నేను కుమ్మరించిన పొడి రబ్బరులో కలవక తెల్లగా గడ్డకట్టింది. ఆ గడ్డ దగ్గరే బెల్టు తెగింది. పోర్టులో బొగ్గు మోసే బెల్టు.
నా తర్వాత రోలర్ల దగ్గర నిలబడ్డవాడు ఆనందకుమార్. తప్పు అతని మీద పడింది.
నేను నోరు విప్పలేదు.
అతన్ని బస్తాలు మోయడానికి పొడి గదికి పంపేశారు. ‘గడ్డల ఆనందం’ అని పేరు పెట్టారు. అతను నవ్వేవాడు.

ఒక మాట బాకీ. ఒక్క మాట.

రెండు వేల నాలుగులో కొత్త సిలికా వచ్చింది. పొగకన్నా సన్నం. ఊపిరి తగిలితే లేస్తుంది.
“ఇది నానో సిలికా బాబాయ్,” అంది మా ఇంజనీరు మధులత. “సన్నబడేకొద్దీ మొండితనం. రబ్బరంటే గిట్టదు. వాటిలో అవే కౌగిలించుకుంటాయి.”
రెండు శాంపిళ్ళు పోయాయి. మళ్ళీ గడ్డలు... మళ్ళీ చుక్కలు.
మూడోదే ఆఖరు. అదీ పోతే ఆర్డరు లేదు.

ఇంట్లో చెప్పుకుని వాపోయాను. నా భార్య తాయారు రాగిపిండితో చోడి అంబలి కాస్తోంది.
“మరిగే నీళ్ళలో ఎవులైనా పిండి పోస్తారేటండీ? ముందు సన్నీళ్ళలో కలపాల. అంబలి తాగి పెరిగినారు, ఇదీ తెలీదేటి!”

మర్నాడు అదే మాట మధులతకు చెప్పాను. కలం పక్కన పెట్టేసింది.
“పుస్తకంలో ఉంది బాబాయ్... మన షెడ్డులో కుదరదనుకున్నాను.”

పొడి ముందు నీళ్ళలోకి. ఆ నీళ్ళు రబ్బరు పాలలోకి.
“కలిపే చెయ్యి తొందరపడకూడదు,” అంది.
తొందరపడని చెయ్యి నాకొకటి తెలుసు.

“ఆనందాన్ని పిలవండి.”
“గడ్డల ఆనందాన్నా?” మేనేజరు శ్రీరామ్మూర్తి గారు నవ్వారు.
నేను నవ్వలేదు. “పిలవండి సార్.”

అతను కలిపాడు.
పొద్దు నడినెత్తికి వచ్చేదాకా కలిపాడు... కెరటం ఒడ్డును తడిమినట్టు, అంత నిదానంగా.
చుక్క చుక్కగా ఆసిడ్ వేశాం. పాలు విరిగాయి. కడిగాం, ఆరబెట్టాం, నల్లపొడి చేర్చి రోలర్లకు ఎక్కించాం.

కోశాను.
నలుపు.
మరో కోత — నలుపు.
మధులత భూతద్దం పెట్టి చూసింది. మిషనుకు బిగించి లాగింది. సాగింది, సాగింది... కావలసిన గీత దాటింది. తెగలేదు!
షెడ్డంతా ఈల. రేకులు అదిరిపోయేంత ఈల.

“కామరాజూ! గెలిపించావయ్యా!” శ్రీరామ్మూర్తి గారు నా భుజం తట్టారు.
ఆ చెయ్యి బరువు మోయలేకపోయాను.

“తొంభై ఆరులో గడ్డ నాది సార్. ఒక్కసారే కుమ్మరించింది నేను. ఆనందం కాదు.”

ఈలలు ఆగాయి.
ఆనందకుమార్ చేతులు తుడుచుకున్నాడు. పాల తెలుపు ఇంకా గోళ్ళలో ఉంది.
“నాకు తెల్సు బావా. పొడి మధ్యలో నీ సెప్పులు ఉండిపోనాయి కదా. నానే దులిపి గట్టు మీద పెట్టినాను.”

ఎనిమిదేళ్ళు. ఎవరికీ చెప్పలేదు.

“ఇంతకీ... నడక బాగా అయిందేటి, ఆ రోజు?”

కోసిన ముక్క నా చేతిలో ఉంది. ఇంకా వెచ్చగా.
వెలుతురుకి తిప్పి చూశాను. ఎక్కడా తెల్లటి చుక్క లేదు.

“అప్పన్నకి చేరిందో లేదో ఇంకా తెలీదు బావా,” అన్నాను.