సరోజమ్మ జడ

పొద్దుటి ఎండ ఎదురుగా ఉన్న అద్దాల ఆఫీసు మీద పడుతుంది. అక్కణ్నుంచి జారి, ఆసుపత్రి ఐదో అంతస్తు గోడ మీద వణుకుతుంది... నీళ్లలా.

పిల్లల వార్డు. మెట్రో వెళ్తుంటే కిటికీ అద్దం సన్నగా మోగుతుంది.

రసజ్ఞకి ఏడేళ్లు. మెదడువాపు జ్వరం వచ్చి తగ్గింది. మాట తిరిగొచ్చింది. నడక తిరిగొచ్చింది.

కుడిచెయ్యి రాలేదు.

దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చుంటుంది — ఎవరిదో వస్తువులా.

"అది నాది కాదు," అంటుంది.

జాయ్స్ ఆ వార్డులో ఆక్యుపేషనల్ థెరపిస్ట్. గుండీ పెట్టడం, చెంచా పట్టడం — చేతులకి మళ్లీ పనులు నేర్పడమే ఆమె పని. రంగు మట్టి ఇచ్చింది. వద్దు. పూసలు ఇచ్చింది. వద్దు. పదకొండు రోజులుగా వద్దు.

"ఇవాళ కూడా చెయ్యనంటోందండీ," అన్నాడు శ్యామ్, రసజ్ఞ నాన్న. ల్యాప్‌టాప్ మూసేసి, గొంతు తగ్గించి.

వాడకుండా వదిలేస్తే చెయ్యి పని మరిచిపోతుంది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

అప్పుడే — గది తుడుస్తున్న సరోజమ్మ ముడి ఊడిపోయింది.

జుట్టు... నడుము దాకా. నల్లగా, అక్కడక్కడా తెల్లగా. కొబ్బరినూనె వాసన.

రసజ్ఞ చూసింది. చూస్తూనే ఉంది.

"ఏంది బిడ్డా, గట్ల చూస్తున్నవ్? జడ ఏస్తవా?"

"వేస్తా."

జాయ్స్ కానివ్వమన్నట్టు తల ఊపింది.

సరోజమ్మ కింద కూర్చుంది. మూడు పాయలు. ఎడమచేతికి రెండు. మూడోది — ఎవరు పట్టాలి?

జారింది. మళ్లీ పట్టింది. మళ్లీ జారింది.

"జర గట్టిగ పట్టు. నాకేం నొస్తలేదు."

కుడిచేతి బొటనవేలు కదిలింది. చూపుడువేలు దాని దగ్గరికి వచ్చింది — మెల్లగా, సిగ్గుపడుతూ.

పాయ ఆగింది.

శ్యామ్ గోడవైపు తిరిగి కళ్లు తుడుచుకున్నాడు.

నలభై నిమిషాలు. ఒక వంకర జడ.

సరోజమ్మ విప్పలేదు. ఆ జడతోనే వార్డంతా తుడిచింది. ప్రతి మంచం దగ్గరా ఆగి, వెనక్కి తిరిగి చూపించింది. "మా బిడ్డ ఏసింది!"

మర్నాడు థెరపీ గది ముందు వరస. నర్సు శిరీష, జుట్టు విరబోసుకుని. వెనకే జాయ్స్. చివర్న శ్యామ్ — బట్టతల నిమురుకుంటూ.

చిటికెనవేలు ఇంకా మాట వినడం లేదు. ఎప్పుడు వింటుందో డాక్టర్లూ చెప్పలేదు.

రసజ్ఞ దువ్వెన అందుకుంది. కుడిచేత్తో. వరసంతా ఒకసారి పరికించింది.

"నాన్నా, నువ్వు పక్కకి జరుగు. జుట్టున్నవాళ్లు ముందు."