ఏరు దింపిన ఇల్లు

మామిడి కాపు అయిపోయి, ఆఖరి లారీ నూజివీడు దారి పట్టాక, తోట కాపలా వాళ్ల ఇళ్లలో ఏటా ఉండే హడావుడే ఆ ఏడాదీ మొదలైంది. బియ్యం కుండలు అటకెక్కాయి. కోళ్ల గంప దూలానికి వేలాడింది. పొయ్యి రాళ్లు మంచం మీదికొచ్చాయి. శ్రావణంలో ఏరు పొంగగానే ఇళ్లు లేస్తాయి మరి. పాత మామిడి పెట్టెల చెక్కలతో నేలా గోడలూ బిగించిన ఇళ్లు. మోకాలెత్తు లేచి, కాసేపు అటూ ఇటూ ఊగి, సందుల్లోంచి నీళ్లెక్కి బరువై, లేచిన చోటే మళ్లీ కూర్చుంటాయి. ఆ తర్వాత పది రోజులపాటు బొంతలు ఆరబెట్టుకోవడమే పని. దానికి విసుక్కునేవాళ్లు చాలామంది ఉన్నారు గాని, వింతపడేవాళ్లు మాత్రం ఎవరూ లేరు.

గంగరాజు ఇల్లూ అలాంటిదే. వాళ్ల నాన్న కట్టింది, బసవపున్నారావు గారి తోటలో, ఏటి పక్కన. ఆ ఇంట్లో గంగరాజు, వాళ్లమ్మ అచ్చమ్మ, విస్సన్నపేట నుంచి కాపురానికొచ్చిన సత్యవతి ఉంటారు. సత్యవతికి అయిదో నెల.

తోటల్లోకి కరెంటు వస్తున్న కొత్త రోజులవి. ఒక సాయంత్రం బసవపున్నారావు గారు గొడుగు ఊపుకుంటూ వచ్చి గుమ్మం ముందు నిలబడ్డారు.

"గంగరాజూ, ఇక్కడ మోటారు షెడ్డు కట్టిస్తున్నా. ఏరు తీశాక ఇల్లు విప్పేసుకోండి."

"ఎక్కడికి పొమ్మంటారండీ?"

"ఏదో ఒకటి చూసుకోవాలి మరి," అన్నారాయన. కోపంగా అనలేదు. వానొస్తుందేమో అన్నట్టు అన్నారు. అందుకే సత్యవతికి ఎక్కువ మండింది.

ఆ చుట్టుపక్కల ఊళ్లలో ఒక కట్టుబాటుంది. ఎవరిదీ కాని నేల మీద ఏరు తెచ్చి దింపిన ఇంటిని ఎవరూ కదపకూడదు. కరణం గారు కూడా దాని జోలికి పోరు. కాకపోతే ఆ కట్టుబాటు ఎవరికీ అక్కరకొచ్చింది లేదు. ఏ ఇల్లూ తన చోటు వదిలి పోతేగా!

మర్నాడు సత్యవతి కాలవలో అంట్లు తోముతోంటే మంచి చెంబు చేజారి కొట్టుకుపోయింది. దాని వెంటబడి పరిగెత్తి పట్టుకుంది. వెనక్కొచ్చి చూస్తే చిల్లు చెంబు మాత్రం పెట్టినచోటే బుడగలు వదులుతూ మునిగి ఉంది. సత్యవతి రెండు చెంబుల వంకా చాలాసేపు చూసింది. అంట్లు అక్కడే వదిలేసి ఇంటికి పరిగెత్తింది.

"మావా, మన ఇల్లు కారబట్టే కూర్చుంటోంది. కారకపోతే పోతుంది!"

"ఎక్కడికి?"

"ఎక్కడికైనా! మన బిడ్డ ఇంకోళ్ల చెట్టు కింద పుట్టక్కర్లేదు."

గంగరాజు బుర్ర గోక్కున్నాడు. పక్కతోట కాపలా బుచ్చయ్య విన్నాడు, విని కడుపు పట్టుకుని నవ్వాడు. "ఇల్లు పోతుందంట, టిక్కెట్టు కొనుక్కోండి," అని ప్రతివాడికీ చెప్పుకొచ్చాడు.

సందులు మూయాలి, అదీ ఏటి నీళ్లకు ఊడకుండా మూయాలి. మట్టి కరిగిపోతుంది, తారు పగిలిపోతుంది. గంగరాజుతో కలిసి తాండ్ర అమ్ముకోవడానికి హనుమాన్ జంక్షన్ వెళ్లినప్పుడు సత్యవతికి దారి కనిపించింది. అక్కడ లారీ బాడీలు కట్టే జోజి, చెక్కల మధ్య సందుల్లోకి ఒక ఇనుప గొట్టంతో పుట్టీ పూస్తున్నాడు. మీట నొక్కితే ముక్కులోంచి తాడులా సాగి సందులో పడుతోంది.

"ఇది జంతికల గొట్టమే కదండీ మేస్త్రీ గారూ," అంది సత్యవతి.

జోజి నవ్వాడు. "అలాంటిదేనమ్మా. పుట్టీ గన్ను అంటారు. నా దగ్గర ఇంకో రెండున్నాయి. కావాలంటే ఒకటి తీసుకో, ఆ తాండ్ర బుట్ట నాకిచ్చెయ్."

ఒకటి తళతళలాడే కొత్తది, ఒకటి నల్లబడ్డ పాతది. గంగరాజు కొత్తదాని మీద చెయ్యేశాడు.

"చూసి కాదు, నొక్కి చూసి తీసుకోవాలి," అన్నాడు జోజి.

సత్యవతి కొత్తదాన్ని నొక్కింది. కడ్డీ ముందుకు పోయి, వేలు తియ్యగానే వెనక్కి జారింది. లోపలి బిళ్ల ఒక పక్కకి ఒరిగి గొట్టాన్ని గీరుతోంది. పాతదాన్ని నొక్కింది. కడ్డీ వడ్లగింజంత ముందుకు జరిగి అక్కడే నిలబడింది. మళ్లీ నొక్కితే మళ్లీ అంతే. "ఇదే," అంది. అత్తవారింటికి వచ్చాక తనంతట తాను ఎంచుకున్న మొదటి వస్తువది. బస్సులో దారంతా ఒళ్లో పెట్టుకునే కూర్చుంది.

జోజి చెప్పినవన్నీ నోట్లో నెమరేసుకుంటూనే ఉంది. సందు పొడిగా ఉండాలి, దుమ్ముండకూడదు. ముక్కుని ఏటవాలుగా కొయ్యాలి, సందుకన్నా లావుగా కొయ్యకూడదు. ఆపదల్చుకుంటే వెనక బొటనవేలి మీట వదలాలి, లేకపోతే పుట్టీ దాని దారిన అది కారుతూనే ఉంటుంది. పనయ్యాక కిరసనాయిలుతో తుడిచి, బిళ్ల చుట్టూ ఉన్న తోలుకి ఆముదం రాసి, ముక్కులో మేకు దిగ్గొట్టి పెట్టాలి.

ఇన్ని గుర్తుపెట్టుకుని మొదటిరోజే బొటనవేలి సంగతి మర్చిపోయింది. గంగరాజు పాదం మీద జంతిక చుట్ట పడింది.

"ముందు నన్ను మూసేస్తావేంటే?" అన్నాడు వాడు.

రెండోరోజుకి చెయ్యి కుదిరింది. సుద్దపొడి, గుగ్గిలం, అవిసె నూనె కలిపి గంగరాజు పిసికి గొట్టంలో కూరుతుంటే, సత్యవతి ఊపిరి బిగబట్టి ఒక్కో సందూ ఆ చివరినుంచి ఈ చివరికి ఒకే చాలుగా పూసుకుంటూ వచ్చింది. గోడలయ్యాయి, గడపయింది, నేల మొదలయింది. ఆ నున్నటి గీతలు చూస్తుంటే ఆమెకి ఆకలి కూడా తెలియలేదు.

అచ్చమ్మ మాత్రం తన మంచం కింద చెయ్యి పెట్టనివ్వలేదు.

"ఆ ఒక్క సందూ ఉంచెయ్యి. మా ముసలాడు కావాలని వదిలింది."

"ఎందుకత్తా?"

"వాడు ఏది చెప్పి చేశాడు కనక! వదిలాడు, పోయాడు."

మబ్బులు కొండల మీదికి దిగాయి. ఏరు ఎర్రగా తిరిగింది. ఆ పొద్దున అచ్చమ్మ పుల్లలేరుకోవడానికి వెళ్లగానే సత్యవతి మంచం జరిపింది. అన్నీ మూసి ఒక్కటి వదలడానికి ఆమెకి ప్రాణం ఒప్పలేదు. పూసేసింది. గన్ను తుడిచి, తోలుకి ఆముదం రాసి, మేకు దిగ్గొట్టి, మంచం మళ్లీ యథాస్థానంలో పెట్టి, ఏమీ ఎరగనట్టు కూర్చుంది.

మధ్యాహ్నానికి నీళ్లొచ్చాయి. పక్కతోటలో బుచ్చయ్య ఇల్లు లేచింది, ఊగింది, గుటగుటా నీళ్లు తాగి కూర్చుంది. గంగరాజు ఇల్లు లేచింది. మోకాలెత్తు, నడుమెత్తు. నేల మీద చుక్క నీరు లేదు. ఇల్లు మెల్లిగా పక్కకి తిరిగి, వంటగది ముందుగా, ప్రయాణం కట్టింది.

"పోతోంది! మావా, పోతోంది!" సత్యవతి గడపలో నిలబడి చప్పట్లు కొట్టింది. బుచ్చయ్య తన గుమ్మంలో మొలలోతు నీళ్లలో నిలబడి నోరు తెరిచాడు. కొమ్మలు కప్పుని రాసుకుంటూ పోయాయి. గంపలో కోళ్లు గోల పెట్టాయి. ఇల్లు బసవపున్నారావు గారి మెరక మీది మేడ పక్కనుంచి వెళ్లింది. ఆయన అరుగు మీద కూర్చుని కాఫీ తాగుతున్నారు.

"గంగరాజూ, ఎక్కడికిరా?"

"తెలీదండీ," అన్నాడు గంగరాజు. వాడి మొహం వెలిగిపోతోంది.

"సరే, తలుపేసుకోండి, జల్లు కొడుతోంది," అన్నారాయన.

తోటలు దాటాయి. ఏరు వెడల్పయింది. అల్లంత దూరాన తారురోడ్డు పక్కన పోరంబోకు దిబ్బ, దాని మీద ఎవరూ నాటని, ఎవరూ కాయ కొయ్యని పుల్లమామిడి చెట్టు. ఊరంతటికీ తెలుసు అది ఎవరిదీ కాదని. అది దాటితే పెద్ద చెరువే. గంగరాజు గెడ వేశాడు. గెడ విరిగింది. ఇల్లు దిబ్బ అంచుని రాసుకుంటూ జారిపోతోంది.

సత్యవతి గడప వదిలి లోపలికి పరిగెత్తింది. లేవడం గురించే ఆలోచించింది గాని, దిగడం గురించి ఒక్కరోజైనా ఆలోచించలేదు. గన్ను ముక్కులోంచి మేకు పీకి, నేల మీద పడి సందులు పొడిచింది. పుట్టీ రాయిలా బిగిసిపోయి ఉంది. తన చేతిపని అంత బాగా కుదిరినందుకు ఏడుపొచ్చింది.

అచ్చమ్మ లేచి తన మంచాన్ని పక్కకి లాగింది.

"ఇక్కడ పొడువు. ఇది పచ్చిగా ఉంటుంది. పొద్దున్నే కదా పూశావు."

సత్యవతి తలెత్తలేకపోయింది. మేకు దించి బలంగా లాగింది. మెత్తటి పుట్టీ చుట్టలా ఊడొచ్చింది. నీళ్లు ఎర్రగా పైకి తన్నాయి. చీలమండలు మునిగాయి. ఇల్లు మూలిగింది, బరువెక్కింది, దిబ్బ వాలు మీద గరగరమని ఆగి, కూర్చుంది.

"ఇందుకన్నమాట వదిలాడు," అంది అచ్చమ్మ. తడిసిన కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "చెప్పి చావొచ్చుగా!"

ఏరు తీశాక సత్యవతి చేసిన మొదటి పని నేల సందుల్లోంచి తను పూసిన పుట్టీ అంతా చెక్కి తీసెయ్యడం. ఇక ఈ ఇల్లు ఎక్కడికీ పోనక్కర్లేదు. గోడలవి మాత్రం ఉంచింది, చంటిబిడ్డకి గాలి తగలకుండా.

ఇల్లు ఆరుతుండగా బసవపున్నారావు గారు సైకిలు మీద వచ్చారు. దిబ్బని చూశారు, చెట్టుని చూశారు. కట్టుబాటు ఆయనకీ తెలుసు.

"మోటారు షెడ్డు పనికి మనిషి కావాలి. వస్తావా గంగరాజూ?"

ఇన్నేళ్లలో "రా" అనడమే గాని "వస్తావా" అని ఆయన అడిగింది అదే మొదలు. గంగరాజు వెంటనే లేవలేదు.

"చూసి చెప్తానండీ," అన్నాడు.

లోపల సత్యవతి ఆ మాట విని గోడకి ఆనుకుని తనివితీరా నవ్వుకుంది.

ఆయన వెళ్లాక, చెట్టు చాటునుంచి బుచ్చయ్య వచ్చాడు. చాలాసేపటినుంచి అక్కడే ఉన్నట్టున్నాడు. తువ్వాలు నలుపుతూ నిలబడ్డాడు.

"వదినా, ఆ గన్ను ఓసారి ఇస్తావా? మా ఇల్లు కూడా బాగా కారుతోంది."

సత్యవతి గోడకున్న గన్ను దించింది. తోలు తడిమి చూసింది, కడ్డీ ఆడించింది, ముక్కులో మేకు బిగువు చూసి అతని చేతిలో పెట్టింది.

"అన్ని సందులూ మూసెయ్యి, ఒక్కటి మాత్రం ఏరొచ్చే పొద్దున పుయ్యి," అంది. "మేకు పారెయ్యకు. దిగేటప్పుడు కావాలి."