ట్యాంకుకి పడనివి

"ట్యాంకుకి పెట్టావా?" అని అడిగారు అత్తయ్య. పొద్దున్న లేచాక ఈ ఇంట్లో నాకు వినపడే మొదటి మాట ఇదే. పెట్టానన్నాను. తొక్కలు, తొడిమలు, నిన్నటి మెతుకులు బకెట్లో వేసి, నీళ్లు పోసి, చేత్తో పిసికి, పెరట్లో ఉన్న ఆ నల్ల బయోగ్యాసు ట్యాంకు గొట్టంలో పోసి వచ్చాను. సబ్బుతో ఎంత రుద్దినా వేళ్ల సందుల్లోంచి ఆ వాసన పోదు. ఆఫీసులో పక్క సీటావిడ కుర్చీ కాస్త అటు జరుపుకునేది. మొదట్లో ఏడుపొచ్చేది. ఇప్పుడు ఆవిడ జరగకముందే నేనే జరిగి కూర్చుంటున్నాను.

ఆ చెత్తతో పొయ్యికి గ్యాసు తయారుచేసేది మా ఆయనట. వీధిలో అందరూ అదే అంటారు, ఆయనా కాదనరు. ట్యాంకు తెచ్చిన రోజు పైపులు బిగించారు, నిజమే. ఆ తర్వాత దాని మూత ఎటు తిరుగుతుందో కూడా ఆయనకి తెలియదు. దాని ఆరోగ్యం మీద మాత్రం ప్రాణం పెట్టుకున్నారు. "దాని కడుపు సున్నితం. పులిసిపోయినవి వేశావంటే గ్యాసు ఆగిపోతుంది, జాగ్రత్త," అంటారు.

మరి పులిసిపోయిన కూర ఏం చెయ్యాలి? "పారెయ్యడానికి చేతులెలా వస్తాయమ్మా, నువ్వు సర్దుకో," అన్నారు అత్తయ్య. సర్దుకున్నాను. ట్యాంకు వద్దన్నదంతా నా పళ్లెంలోకి రావడం మొదలైంది. కడుపులో మంటగా ఉందండీ అని ఒకసారి ఆయనతో అంటే, ఫోన్లోంచి తలెత్తకుండా, "టైముకి తింటే ఎందుకుంటుంది?" అన్నారు. కోపం రావాలి కదా. రాలేదు. మొద్దుబారిపోయాను, అంతే.

నిన్న సాయంత్రం ట్యాంకు చూడ్డానికి ఆయన స్నేహితుడు భార్యతో కలిసి వచ్చాడు. మా ఆయన పొయ్యి వెలిగించి నీలం మంట చూపించారు. "ఖర్చు లేదు, పనీ లేదు. వేళకి పెట్టాలి, అంతే. పులిసింది మాత్రం దానికి పడదు," అని చెప్పుకుపోతున్నారు. నేను టీ కప్పులు పట్టుకుని నిలబడ్డాను. స్నేహితుడి భార్య నవ్వుతూ, "అబ్బో, కొత్తల్లుడికి చేసినట్టు చేస్తున్నారే," అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. వాళ్లు వెళ్లాక చూస్తే నా పళ్లెంలో మళ్లీ పులిసిన కూరే.

ఇవాళ ట్యాంకుకి పెట్టి వచ్చాక, నా కోసం మూతపెట్టి ఉంచిన, పులిసిపోయిన రాత్రి కూర తీసుకెళ్లి గోడవారన గుంట తీసి పూడ్చేశాను. చేతులు కడుక్కుని పొయ్యి వెలిగించాను. ఎసరు మరుగుతుంటే గుప్పెడు బియ్యం కడిగి వేశాను, నా ఒక్కదానికే.

అత్తయ్య వంటింటి గుమ్మంలోకి వచ్చారు. "అందరివీ అయిపోయాయిగా, మళ్లీ పొయ్యెందుకు? నీకు రాత్రి కూర ఉందిగా."

మంట కొంచెం పెంచాను.

"పులిసింది నాకు పడదు అత్తయ్యా."